జైనబ్ పేరు బోర్డు: శివాజీనగర్‌లో చేయించుకున్నాం

మా పాపకి జైనబ్ అని మా దాదీ (నాన్నమ్మ) పేరు పెట్టుకున్నాం. ఆ పేరు అరబ్బీలో రాసిన చెక్క బోర్డు ఒకటి తలుపు పక్కన పెడదామని ముందు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను. 1,400 రూపాయలు పోశాక వచ్చిన బోర్డు చూసి ప్రాణం ఉసూరుమంది. నాలుగు అక్షరాలూ దేనికది విడిగా ఉన్నాయి, పైగా కుడి నుంచి ఎడమకి రావాల్సినవి ఎడమ నుంచి మొదలయ్యాయి. అరబ్బీ సరిగ్గా పడని సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, ఒక్కసారి కూడా చూసుకోకుండా కోసేశారు. జతగా పంపిన కార్డు మీదేమో 'జైనబ్ అంటే యువరాణి' అని ఉంది. అది తప్పు. వాపసు అడిగితే తీసుకోం అన్నారు కూడా.

తర్వాత ఆఫీసులో ఒకతను చెబితే బెంగళూరు శివాజీనగర్ వెళ్లాను. రస్సెల్ మార్కెట్ వెనక సందుల్లో చిన్న కొట్టు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. రాసేది ఒక పెద్దాయన, సొంతూరు మదనపల్లె వైపట, తెలుగు చక్కగా మాట్లాడతారు. రేటు చెప్పకముందే ఆయన అడిగిన మొదటి మాట, "ఎవరి పేరు పెట్టుకున్నారు బాబూ?" అని. మా దాదీది, జైనాబీ అన్నాను. "జైనబ్ బీ అది, పలికీ పలికీ కలిసిపోయింది" అన్నారు. రేషన్ కార్డులో కూడా జైనాబీ అనే ఉండేది, అదే అసలు పేరనుకున్నాను ఇన్నాళ్లూ.

అర్థం అడిగితే రెండూ చెప్పారు. పాత అరబ్బీ నిఘంటువుల్లో జైనబ్ అంటే చూడముచ్చటగా, మంచి వాసనతో ఉండే ఒక చెట్టు, ఆడపిల్లల పేరు దాన్నుంచే వచ్చిందని రాశారు. జైన్ అంటే అలంకారం, అబ్ అంటే తండ్రి, కాబట్టి నాన్నకి అలంకారం అని విడగొట్టి చెప్పేది జనంలో బాగా వాడుకలో ఉంది. తండ్రిని కదా, నాకు రెండోదే నచ్చింది, కానీ కార్డు మీద మాత్రం చెట్టు అనే రాయించాను. ప్రవక్త పెద్ద కూతురిదీ ఇదే పేరు, ఆయన భార్యల్లో ఇద్దరిదీ ఇదే, మనవరాలిదీ ఇదే. 680లో ఇరాక్‌లోని కర్బలాలో అన్న హుసేన్‌ని చంపేశాక బందీగా డమాస్కస్ దాకా తీసుకెళితే, అప్పటి ఖలీఫా యజీద్ కొలువులో నిలబడి మొహం మీదే నిలదీసింది ఆ మనవరాలే. డమాస్కస్ పక్కన ఆమె దర్గా ఉన్న ఊరిని ఆమె పేరుతోనే పిలుస్తారు. మా దాదీ ఏటా పీర్ల పండగకి అనంతపురం జిల్లా గూగూడు వెళ్లి వచ్చేది, కర్బలా కథ చెప్పేటప్పుడు జైనబ్ దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయేది. అది ఆమె సొంత పేరు కూడా అని ఆ కొట్టులో కూర్చున్నాకే నాకు తట్టింది.

ఇక పని సంగతి. రెల్లు కలంతో ముందు కాగితం మీద రాస్తారు. కలం మొనతో పెట్టిన చుక్కే కొలత, ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తుండాలో పక్కన పెట్టి చూసుకుంటారు. ఈ పేరులో జే ఒక్కటే విడిగా నిలబడుతుంది, మిగతా మూడూ కలిసి ఉండాలి. జే మీద ఒక చుక్క, యే కింద రెండు, నూన్ మీద ఒకటి, బే కింద ఒకటి. చుక్కలు తీసేస్తే యే, నూన్ రెండూ ఒకేలాంటి చిన్న పంటి మొనల్లా ఉంటాయి, ఏది ఏదో చెప్పలేం. మొదటి కాగితంలో నూన్ చుక్క కొంచెం పక్కకి జరిగిందని, నాకు బాగానే ఉందన్నా వినకుండా చించేసి మళ్లీ రాశారు. ఆ రాతనే ఇత్తడి రేకులో కోసి టేకు చెక్క మీద బిగించారు. అంచులు నున్నగా ఉన్నాయి, పాప చెయ్యి పెట్టినా గీసుకోదు.

2,200 అయింది, సగం ముందే ఇవ్వాలి. వారంలో ఇస్తామని పదిహేను రోజులు తిప్పారు, రెండుసార్లు ఊరికే వెళ్లొచ్చాను, ఇది మాత్రం నచ్చలేదు. ప్యాకింగ్ అంటే న్యూస్ పేపరే, పాత టవల్ ఒకటి పట్టుకెళ్లండి. బండి పెట్టడానికి చోటు దొరకదు, బస్సే మేలు. ఎక్కడ చేయించుకున్నా డబ్బులిచ్చే ముందు మాత్రం చుక్కలు లెక్కపెట్టుకోండి, జైనబ్‌కి అయిదు ఉండాలి.