కారు కంప్యూటరు శబ్దాలు మార్చుకోవడానికి ఏది మేలు: కంపెనీ స్క్రీనా, ఆండ్రాయిడ్ స్టీరియోనా, విండోస్ కంప్యూటరా?

కర్నూలు నుండి డోన్, గుత్తి మీదుగా అనంతపురం వెళ్లే 44వ జాతీయ రహదారిపై గాలి హోరు, టైర్ల రొద, పక్క లారీ మోత ఒక్కటైనప్పుడు కారు స్క్రీను నుండి వచ్చే సన్నని ‘టింగ్’ దేనికోసమో పోల్చుకోవడం కష్టం. సందేశం వచ్చిందా, ఫోను కనెక్షన్ తెగిందా అని తలతిప్పి చూడవలసి వస్తే ఆ శబ్దం ఉండీ లేనట్టే. దేనికి ఏ శబ్దమో మనమే నిర్ణయించుకునే వీలు ఎందులో ఎంత ఉందో చూద్దాం.

కారుతో పాటు వచ్చే కంపెనీ స్క్రీనులో ఆ వీలు తక్కువ. సాధారణంగా టచ్ శబ్దాన్ని ఆపడం, దాని వాల్యూమ్ తగ్గించడం మించి చేయగలిగేది ఉండదు. సొంత ఫైలు ఎక్కించే దారిని కంపెనీలు తెరిచి ఉంచవు. వారంటీ ఉన్నంతకాలం దాని జోలికి పోకపోవడమే మంచిది. వేగం, సీటు బెల్టు హెచ్చరికల సంగతి వేరు. 2019 జూలై 1 నుండి మన దేశంలో కొత్త కార్లకు అమలైన నిబంధనల ప్రకారం వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా బీప్ మోగాలి. వాటిని మార్చే ఆలోచనే పెట్టుకోకూడదు, మన సందేశాలకు అలాంటి బీప్‌నే పెట్టుకోనూ కూడదు.

స్వేచ్ఛ విషయంలో విండోస్‌కు సాటి లేదు. చిన్న కంప్యూటరును కారులో అమర్చి, టచ్ స్క్రీను కలుపుకుంటే, కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్ విభాగంలో పరికరం కలిసినప్పుడు ఒకటి, విడిపోయినప్పుడు ఇంకొకటి, తప్పు జరిగినప్పుడు మరొకటి అని విడివిడిగా శబ్దాలు పెట్టి, అన్నింటినీ ఒక స్కీముగా భద్రపరచుకోవచ్చు. ఫైళ్లు మాత్రం వేవ్ (.wav) రూపంలోనే ఉండాలి, ఎంపీ3 పనికిరాదు. అయితే ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయినా కంప్యూటరు ఆగకుండా చూసే, తాళంచెవి తీశాక దానికి సక్రమంగా షట్‌డౌన్ అయ్యే వ్యవధి ఇచ్చే ప్రత్యేక పవర్ సప్లై కావాలి. దానికి తోడు మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపలి వేడిని కూడా ఆ కంప్యూటరు తట్టుకోవాలి. నాలుగు శబ్దాల కోసం ఇంత ప్రయాస నా దృష్టిలో దండగ.

కంపెనీ స్క్రీను స్థానంలో బిగించుకునే ఆండ్రాయిడ్ స్టీరియో ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఇంటర్నల్ మెమరీలోని నోటిఫికేషన్స్ ఫోల్డరులో ఫైలు వేస్తే, సాధారణంగా అది శబ్దాల జాబితాలో కనిపిస్తుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుండి ఒకే యాప్‌లోని వేర్వేరు రకాల నోటిఫికేషన్లకు, ఆ యాప్ వాటిని విడదీసి ఉంటే, వేర్వేరు శబ్దాలు పెట్టుకోవచ్చు. టచ్ శబ్దం ఫైలు మాత్రం సిస్టం భాగంలో ఉంటుంది కనుక, దాన్ని మార్చాలంటే రూట్ చేయాలి, అంటే సిస్టం ఫైళ్లను మార్చే పూర్తి అధికారం తెచ్చుకోవాలి. ఒక చిన్న ‘టిక్’ కోసం స్టీరియోనే పాడయ్యే ప్రమాదం తెచ్చుకోనక్కరలేదు.

ఏ దారి పట్టినా అసలు పని ఫైలు తయారీలోనే ఉంది. రోడ్డు రొద ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీలలో ఉంటుంది కాబట్టి బొంగురు శబ్దం అందులో కలిసిపోతుంది. మన చెవి చురుగ్గా పట్టుకునే 2000 నుండి 4000 హెర్ట్జ్‌ల ప్రాంతంలోని శబ్దం తక్కువ వాల్యూమ్‌లోనూ తెలుస్తుంది. ఇంట్లోని ఇత్తడి పూజగంటను ఫోనులో రికార్డు చేస్తే మోగిన తరువాత కూడా దాని నాదం సాగుతూనే ఉంటుంది. శబ్దాలను కత్తిరించి సరిచేసుకోవడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, గంట మోగిన చోటు నుండి సెకనులోపు భాగం ఉంచి మిగతాది కత్తిరించి, చివర శబ్దం క్రమంగా తగ్గిపోయేలా ఫేడ్ అవుట్ ఇస్తే సరిపోతుంది. శబ్దం బ్లూటూత్ ద్వారా స్పీకర్లకు చేరే ఏర్పాటైతే, కనెక్షన్ మేల్కొనేలోపు మొదటి ముక్క ఎగిరిపోతుంది. ముందు అర సెకను నిశ్శబ్దం చేర్చాలి. సినిమా డైలాగులు పెట్టుకునే సరదా వారంలో తీరిపోతుంది గాని, లారీ హారన్‌ను పోలిన శబ్దం మాత్రం ఎన్నడూ పెట్టకూడదు, ఉలిక్కిపడి బ్రేకు తొక్కే ప్రమాదముంది.

కొత్తగా స్టీరియో మార్చాలనుకునేవారికి ఆండ్రాయిడే మేలని నా అభిప్రాయం. కంపెనీ స్క్రీనుతో తృప్తిగా ఉన్నవారు కేవలం శబ్దాల కోసం దాన్ని పీకించనక్కరలేదు. కొన్ని ఆండ్రాయిడ్ స్టీరియోలలో శబ్దాల మెనూ కనపడకుండా తీసేసి ఉంటారు కాబట్టి, కార్ డెకార్ షాపుకు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవులో ఆ గంట ఫైలు పట్టుకెళ్లి, అక్కడే ఎక్కించి మోగించి చూశాకే డబ్బు కట్టాలి.