38 శాతం చార్జింగ్ ఉండగానే వారధి మీద ఆగిపోయింది

నాన్న 2005లో కొన్న జెన్ కారును అమ్మబుద్ధి కాక ఎలక్ట్రిక్‌కి మార్పించి ఈ కార్తీకానికి మూడేళ్లు. పని మా ఇంటి షెడ్డులోనే జరిగింది. మోటారు గురించి, బ్యాటరీ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది 72 వోల్టులను 12కి దించే కన్వర్టర్ గురించి. చిన్న డబ్బా. దాని మీద కోపం నాకింకా తీరలేదు.

ఇంజిన్‌తోపాటు ఆల్టర్నేటర్ కూడా పోతుంది. ఇక లైట్లు, వైపర్, హారన్, బ్రేకు కోసం కొత్తగా పెట్టిన వాక్యూమ్ పంపు, అన్నిటికీ ఆ డబ్బాయే దిక్కు. కిట్‌తో 10 ఆంప్స్‌ది ఇచ్చి "సరిపోద్ది సార్" అన్నారు. హెడ్‌లైట్లకే 110 వాట్లు కావాలి, అది ఇచ్చేది 135 లోపే. పగలే తిరిగేవాళ్లం కాబట్టి దాదాపు రెండేళ్లు ఏమీ తెలియలేదు.

నిరుడు ఆగస్టులో గుంటూరులో బావగారింట్లో చార్జింగ్ పెట్టుకుని రాత్రి బయల్దేరాం. కాజ టోల్‌గేట్ దాటాక వాన. వైపర్ వేశాను, అద్దం మసకబారుతుంటే బ్లోయర్ కూడా. తాడేపల్లి వచ్చేసరికి హెడ్‌లైట్లు పచ్చబడ్డాయి. వానకి అలా కనిపిస్తోందనుకున్నాను. కనకదుర్గమ్మ వారధి మధ్యలో టక్‌మని శబ్దం, బండి ఆగిపోయింది. అప్పటిదాకా మీటరు 38 శాతం చూపిస్తోంది. హజార్డ్ లైట్లు కూడా వెలగలేదు. వెనక లారీలు. మా ఆవిడ వానలో నిలబడి సెల్‌ఫోన్ లైటు ఊపుతుంటే నాకు కాళ్లు వణికాయి.

ఒక ఆటో అబ్బాయి ఆగాడు. "పెద్ద బ్యాటరీలో చార్జింగుంది తమ్ముడూ, లైట్లకి ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీయే పడిపోయింది" అన్నాను. దాన్ని నింపాల్సింది ఆ డబ్బాయే. "అయితే నా బ్యాటరీ నుంచి వైర్లు లాగుదాం బాబాయ్" అన్నాడు. లాగగానే మళ్లీ టక్. పెద్ద బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు వదిలే కాంటాక్టర్‌ని పట్టి ఉంచేది కూడా ఆ 12 వోల్టులే. అంత బ్యాటరీ ఉండి ఆటో బ్యాటరీతో లేచింది! బ్లోయర్, వైపర్ కట్టేసి అతని వెనకే మెల్లగా వారధి దిగాం. డబ్బు తీసుకోలేదు. "పిన్ని తడిసిపోయింది, ముందు ఇంటికెళ్లండి" అన్నాడు.

ఇప్పుడు 30 ఆంప్స్ కన్వర్టర్ పెట్టించాను. 12 వోల్టుల లైనుకు విడిగా మీటరు, తగ్గితే అరిచే బజర్ కూడా. మళ్లీ ఇబ్బంది రాలేదు.

ఒక్క చార్జింగ్‌కి 70 కిలోమీటర్లు వస్తుందని అప్పట్లో అందరికీ చెప్పాను. ఇద్దరమే ఉండి, నెమ్మదిగా తోలితే వస్తుంది. ఏసీ కంప్రెసర్ ఇంజిన్‌తోనే పోయింది. మే నెల బెజవాడ ఎండలో మధ్యాహ్నం అమ్మను ఎక్కించుకోలేకపోతున్నాను.

మాది పటమటలో సొంతిల్లు, కారు పక్కనే 15 ఆంప్స్ ప్లగ్గు, రోజుకు తిరిగేది 20 కిలోమీటర్లు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఈ పని పెట్టుకునేవాణ్ణి కాదేమో. నాన్న కారు కాబట్టి మళ్లీ అయినా మార్పిస్తాను, ఇంకో పాత కారు కొని మార్పించమంటే మాత్రం చెప్పలేను. మీరు చేయిస్తుంటే, అనుమతి ఉన్న కిట్టేనా, ఆర్‌సీలో ఇంధనం మారుతుందా అని చూసుకోండి. డబ్బు కట్టే ముందు కన్వర్టర్ ఎన్ని ఆంప్సో కాగితం మీద రాయించుకోండి.