మగ్గం పక్కన ఏడేళ్లు: నా జేబు రికార్డర్

2018లో నాలుగు వేల చిల్లర పెట్టి ఈ జేబు రికార్డర్ కొన్నప్పుడు ఇంట్లో అందరూ అడిగింది ఒకటే: ఫోన్ ఉండగా ఇదెందుకు? జవాబు రెండో ఆదివారమే దొరికింది. చీరాల పక్కన ఒక పెద్దాయన తన పెళ్లినాటి మగ్గం గురించి చెబుతున్నారు. నాతో వచ్చిన స్నేహితుడు ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నాడు. మధ్యలో లోన్ కావాలా అంటూ ఎవరో కాల్ చేశారు. రికార్డింగ్ ఆగిపోయింది. అతను అది గమనించేసరికి పావుగంట గడిచింది. నా డబ్బా మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

చీరాల, వేటపాలెం చుట్టుపక్కల వయసు మళ్లిన నేతగాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రికార్డ్ చేయడం, ఇంటికొచ్చి విని రాసుకోవడం నా అలవాటు. ఇప్పటికి రెండు వందల గంటలు దాటాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఏ కంపెనీది కొన్నా ఎదురయ్యే సంగతులే ఇవన్నీ. నాది అరచేతిలో ఇమిడేది, రిమోట్‌లో వేసే సన్న పెన్సిల్ సెల్స్ రెండు పడతాయి. లోపల 4 జీబీ మెమరీ, పక్కన కార్డు పెట్టుకునే చోటు, బయటి మైకుకి ఒక రంధ్రం. అంతే.

మొదటి నెల సెట్టింగులన్నీ ఆటోమేటిక్‌లో పెట్టి వాడాను. అదే నా పెద్ద తప్పు. ఆటో లెవెల్ అంటే, చప్పుడు తక్కువగా ఉంటే మైకు చెవి పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. మామూలు గదిలో బాగానే ఉంటుంది. గుంట మగ్గం పక్కన మాత్రం దెబ్బ దెబ్బకీ అది ఉలిక్కిపడి చెవి మూసుకుంటుంది. మళ్లీ తెరుచుకునేలోపు ఒక మాట మింగేస్తుంది. పెద్దాయన నేస్తూ మాట్లాడే మనిషి. ఇంటికొచ్చి వింటే మగ్గం దెబ్బ, వెంటనే సగం మాట, మళ్లీ దెబ్బ. 'మా నాన్న' అన్నారో 'మా అన్న' అన్నారో తేలక మళ్లీ వెళ్లి అడగాల్సి వచ్చింది. ఆయన నవ్వి, 'నీ మిషనుకి చెముడా?' అన్నారు.

అప్పటినుంచి లెవెల్ నా చేత్తోనే పెడుతున్నాను. ముందు ఆయన్ని నాలుగు దెబ్బలు కొట్టమని, రికార్డర్ తెరమీద చప్పుడు చూపించే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటాను. మాట కాస్త చిన్నగా పడుతుంది, పడనీ. చిన్నగా పడిన మాటని కంప్యూటర్‌లో పెంచుకోవచ్చు, పగిలిపోయిన మాటని మాత్రం అతికించలేం. ఇంకోటి, రికార్డర్‌ని నేలమీద పెట్టకూడదు. మగ్గం దెబ్బ నేలలోంచి కూడా పాకుతుంది. తుండుగుడ్డ నాలుగు మడతలు వేసి దానిమీద పెడితే సగం గోల తగ్గుతుంది. జేబు రికార్డర్ అన్న పేరే కానీ, గంజి పెట్టిన చొక్కా జేబులో ఉంచితే గుడ్డ కరకర తప్ప ఏమీ వినపడదు.

ఇక అమ్మే అట్టపెట్టె మీద గొప్పగా రాసుకునే ఫీచర్ ఒకటుంది: మాట వినపడితేనే రికార్డ్ చేయడం, ఎవరూ మాట్లాడకపోతే ఆగిపోవడం. మెమరీ మిగులుతుంది, వినే టైమ్ మిగులుతుంది అంటారు. నేనూ మోజుపడి రెండు నెలలు వాడాను. ఒక మామ్మ, భర్త పని వెతుక్కుంటూ బొంబాయి పోయిన సంగతి చెబుతోంది. 'మళ్లీ రాలేదా మామ్మా?' అని అడిగాను. ఆమె కండె చుట్టడం ఆపింది. రాట్నం మీద చేయి అలాగే ఉంది. బయట సైకిల్ బెల్లు మోగింది. చాలాసేపటికి 'రాలేదు' అంది. ఇంటికొచ్చి వింటే నా ప్రశ్నకి ఆ జవాబు అతుక్కుపోయి ఉంది, రేషన్ కొట్టులో బియ్యం వచ్చాయా అంటే రాలేదు అన్నట్టు. పైగా 'రా' కూడా సగం తెగిపోయింది, మాట మొదలయ్యాక కదా అది మేలుకునేది! ఆ సాయంత్రమే ఆ ఫీచర్ ఆపేశాను. ఈ వస్తువు తెలివి చూపించబోయిన ప్రతిచోటా నాకు నష్టమే జరిగింది.

'లో కట్', అంటే అడుగుస్థాయి గుర్రుని కోసేసే సెట్టింగ్, ఒక్కటే దీనికి మినహాయింపు. ఫ్యాన్ హోరు, లారీ గుర్రు తగ్గుతాయి కాబట్టి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను. అరుగుల మీద సముద్రపు గాలికి మాత్రం అది చాలదు, మైకుకి స్పాంజి టోపీ తొడగాల్సిందే.

క్వాలిటీ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3లో గంటకి దాదాపు 58 ఎంబీ అవుతుంది, మాటలకి అది చాలు. పాట పాడతామంటే, శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైలుకి మారుస్తాను. సీడీ నాణ్యతలో అది గంటకి 635 ఎంబీ దాకా తింటుంది, కార్డు లేకపోతే కష్టం.

ఎర్రలైటు గురించి ఒక మాట. నా దాంట్లో వెలుగుతూ ఉంటే రికార్డ్ అవుతున్నట్టు, మినుకుమంటుంటే ఆగి ఉన్నట్టు. మినుకుమనడమే పని చేయడం అనుకుని ఒకసారి నలభై నిమిషాలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు లైటుతో పాటు సెకన్లు కదులుతున్నాయా అని కూడా చూస్తాను. ఆ లైటు ఎదుటివాళ్లకీ కనపడేలా పెడతాను. దాన్ని చూసే మామ్మ ఓసారి, 'అబ్బాయ్, అది ఆపు. ఇప్పుడు చెప్పేది నీకు, దానికి కాదు' అంది. ఆపాను.

రాసుకునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. గంట మాటలు రాయడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. ఎ-బి రిపీట్ లేకపోతే అది ఎనిమిదయ్యేది. అర్థం కాని ముక్క మొదట్లో ఒక నొక్కు, చివర ఒక నొక్కు, అంతే, ఆ ముక్కే తిరుగుతూ ఉంటుంది. కొనేటప్పుడు ఇది ఉందో లేదో తప్పక చూడండి. వేగం తగ్గించి వినే సదుపాయం కూడా.

ఏడేళ్లకి ఒళ్లు మాత్రం అరిగింది. పైనున్న రబ్బరు పూత చీరాల ఉక్కకి జిగురైపోయింది. లాక్‌డౌన్‌లో సెల్స్ తీయకుండా వదిలేస్తే కారి, స్ప్రింగుకి తెల్లగా పొడి పట్టింది. ఆల్కలైన్ సెల్స్ కదా అని దూదిపుల్లని నిమ్మరసంలో ముంచి తుడిచి ఆరబెడితే బతికింది. తారీఖు మాత్రం మొదటికి పోయింది. అది గమనించక చేసిన పదకొండు ఫైళ్లు ఇప్పటికీ నేను దీన్ని కొనకముందటి తేదీలతోనే ఉన్నాయి. అయినా లోపలే బ్యాటరీ ఉండేవాటికంటే సెల్స్ వేసేదే నయం. బ్యాటరీ పోతే కొన్నిటిని పారేయడమే, సెల్స్ అయితే కిళ్లీకొట్టులో కూడా దొరుకుతాయి.

ఇవాళ కొనాలంటే? నెలకోసారి మీటింగో క్లాసో రికార్డ్ చేసుకునేవాళ్లకి ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే సరిపోతుంది. మంచి ఫోన్ల మైకులు నా డబ్బాకేమీ తీసిపోవు. నాలా గంటలు గంటలు కూర్చునేవాళ్లయితే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు చూడొచ్చు. లెవెల్ కాస్త అటూ ఇటూ అయినా తర్వాత సర్దుకోవచ్చు. నేను కూడా అటు చూస్తున్నాను, ఇంకా కొనలేదు. పాతది సెల్స్ మూత గడి విరిగింది, రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నాను.