ఫ్రీ డేటా రివ్యూ: వైజాగ్‌లో ఏది పనికొస్తుంది, ఏది ఉత్తిదే

జగదాంబ నుంచి గాజువాక దాకా ఏ రీచార్జ్ షాపు బోర్డు చూసినా పెద్దక్షరాల్లో కనపడే మాట ‘అన్‌లిమిటెడ్’. ఆ ఒక్క మాట కింద నాలుగైదు రకాల సరుకు అమ్ముడవుతోంది. ప్రీపెయిడ్ సిమ్‌లో వేసిన రీచార్జ్ మీద ఇంకో పైసా పెట్టకుండా ఎంత డేటా దొరుకుతుంది, ఏ షరతు మీద దొరుకుతుంది అన్నదే ఈ రివ్యూ. వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఇప్పుడు లెక్కలోకి తీసుకోదగ్గ ఫ్రీ డేటా ఒక్కటే: 5జీ. మిగతావన్నీ నంజుకోడానికే.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైనప్పుడు సిమ్ తీసుకుంటే చాలు, రోజుకి 4 జీబీ ఇచ్చారు. ఆ ఏడాది ఆఖరు దాకా అదే వరస. ఆ తర్వాత 2017 మార్చి 31 దాకా రోజుకి 1 జీబీ. అప్పటి రుచి జనానికి ఇంకా పోలేదు గానీ ఇప్పుడొచ్చే ఫ్రీ అంతా రీచార్జ్ వేసినవాళ్లకే. ఆ రీచార్జ్ కూడా ఫలానా మెట్టుకి పైన ఉంటేనే.

ఆ మెట్టు ఏమిటంటే, రోజుకి 2 జీబీ. జియో, ఎయిర్‌టెల్ రెండూ 2022 డిసెంబర్‌లోనే వైజాగ్‌లో 5జీ తెచ్చాయి. అప్పట్లో చిన్న ప్లాన్లకి కూడా 5జీ లెక్క లేకుండా వచ్చేది. 2024 జూలై మొదటి వారంలో ధరలు పెంచినప్పుడు 2 జీబీ, ఆపై ప్లాన్లకే దాన్ని కుదించారు. అప్పటి జియో ధరలే చూడండి: రోజుకి 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 299, 2 జీబీది 349. 299 వేసినవాళ్లకి 5జీ కావాలంటే 51 రూపాయల యాడ్-ఆన్ పెట్టారు, దాంతో 3 జీబీ 4జీ డేటా వస్తుంది. కలిపితే 350. మొదటే 349 వేయించుకుంటే రూపాయి తక్కువ, పైగా రోజుకి అర జీబీ చొప్పున 28 రోజులకి 14 జీబీ, యాడ్-ఆన్‌తో వచ్చే 3 తీసేసినా 11 జీబీ ఎక్కువ. షాపులో ‘299 వేసెయ్ బాబూ’ అనే అలవాటు ఉన్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి రీచార్జ్ ముందు యాప్‌లో చూడండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇక అసలు చిక్కు. 5జీ లెక్క లేకుండా ఇస్తారు, కానీ ఫోను 4జీకి దిగిన క్షణం నుంచి రోజువారీ కోటా కరుగుతుంది. ‘అన్‌లిమిటెడ్ వేయించాను, మధ్యాహ్నానికే డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఫోను ఎప్పుడు దిగిందో మీకు తెలీదు. పైన 5జీ అని రాసి ఉన్నా నమ్మడానికి లేదు. ఎయిర్‌టెల్ 5జీ ప్రధానంగా 4జీ టవర్‌ని ఆసరా చేసుకుని నడిచే రకం. ఆ టవర్‌కి 5జీ జోడించే వీలుందని తెలిస్తే చాలు, డేటా ఇంకా 4జీ మీదే పారుతున్నా కొన్ని ఫోన్లు 5జీ గుర్తు చూపించేస్తాయి. జియోది 4జీతో సంబంధం లేకుండా సొంతంగా నిలబడే 5జీ, అక్కడ గుర్తుకి కాస్త విలువ ఎక్కువ.

మీ ఇంట్లో వచ్చేది అసలు 5జీయేనా అని తేల్చుకోడానికి పది నిమిషాలు చాలు. ఆపరేటర్ యాప్ తెరిచి ఈరోజు మిగిలిన 4జీ కోటా కాగితం మీద రాసుకోండి, 1.62 జీబీ అనుకుందాం. వైఫై ఆపండి. మీరు రోజూ కూర్చునే చోటే కూర్చుని ఓ 200 ఎంబీ ఫైలు ఏదైనా డౌన్‌లోడ్ చేయండి. మొబైల్ డేటా ఆపి ఐదు నిమిషాలు ఆగండి, ఎందుకంటే యాప్‌లో అంకె వెంటనే మారదు. మళ్లీ చూడండి. 1.62 అలాగే ఉంటే నిశ్చింత. 1.42 అయిందంటే ఆ గదిలో మీకు 5జీ లేనట్టే. 1.55 దగ్గర ఆగితే మధ్యలో జారుతోందన్నమాట, అన్నిటికన్నా మోసం చేసేది ఇదే. ఫోను సెట్టింగ్స్‌లో ఉండే డేటా మీటర్‌తో ఈ పని జరగదు, అది 4జీ, 5జీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. స్పీడ్ టెస్టుతో చేయకండి. 400 ఎంబీపీఎస్ వచ్చే చోట 15 సెకన్ల టెస్టు ఒక్కటే 750 ఎంబీ దాకా తాగేస్తుంది.

గది మారిస్తే ఫలితం మారడం మామూలే. రెండు కంపెనీలూ 5జీకి ఎక్కువగా వాడేది 3.5 గిగాహెర్ట్జ్ తరంగం, అది గోడల్లోంచి తేలిగ్గా దూరదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల గోడకి గోడ ఆనుకున్న అపార్ట్‌మెంట్లలో వీధివైపు బాల్కనీలో బ్రహ్మాండంగా వచ్చి, మధ్య గదిలోకి అడుగుపెట్టగానే చచ్చిపోవడానికి కారణం అదే. జియో దగ్గర 700 మెగాహెర్ట్జ్ 5జీ కూడా ఉంది. అది లోపలికి చొచ్చుకొస్తుంది, వేగం తక్కువ. మన ఊరికి కొండలు మరో తంటా. కైలాసగిరి, సింహాచలం కొండల పక్క వీధుల్లో టవర్ దగ్గరే ఉన్నా మధ్యలో కొండ అడ్డొస్తే లాభం లేదు.

సెట్టింగ్స్ సంగతి. ఆండ్రాయిడ్‌లో మొబైల్ నెట్‌వర్క్ లోపలికెళ్లి ‘ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్’ 5జీ మీద ఉందో లేదో చూడాలి. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ వేస్తే 5జీ కట్ అయిపోతుంది, సాయంత్రం 20 శాతానికి పడగానే కోటా కరగడం మొదలయ్యేది అందుకే. ఐఫోన్‌లో ‘వాయిస్ అండ్ డేటా’ దగ్గర ‘5జీ ఆటో’ అని ఉంటే బ్యాటరీ కోసం తనంతట తానే 4జీకి దిగిపోతుంది. ‘5జీ ఆన్’ పెట్టండి. లో పవర్ మోడ్ వేసినా 5జీ దాదాపు లేనట్టే.

ఇంకో చిట్కా తెలిసినవాళ్లు చెబుతుంటారు. డయలర్‌లో *#*#4636#*#* కొట్టి, ఫోన్ సమాచారం పేజీలో ‘ఎన్‌ఆర్ ఓన్లీ’ (ఎన్‌ఆర్ అంటే 5జీయే) ఎంచుకుంటే ఫోను 4జీకి దిగే ప్రసక్తే ఉండదు. అన్ని ఫోన్లలోనూ ఈ పేజీ తెరుచుకోదు. తెరుచుకున్నా ప్రధానంగా జియోలోనే పనిచేస్తుంది. 4జీ ఆసరాతో నడిచే నెట్‌వర్క్‌లో ఇది పెడితే సిగ్నలే పోతుంది. జియోలో కూడా, 5జీ మీద కాల్ మాట్లాడే సౌకర్యం మీ ఫోనుకి లేకపోతే కాల్స్ రావు, బ్యాంకు నుంచో డెలివరీ కుర్రాడి నుంచో వచ్చే ఫోన్ మిస్సవుతుంది. రెండు మూడు జీబీల సినిమా దించుకునేంతసేపు పెట్టి, పని కాగానే పాత సెట్టింగ్‌కి తెచ్చేయడమే మేలు. ఫోను రీస్టార్ట్ చేస్తే కొన్ని ఫోన్లలో దానంతటదే పాతదానికి వచ్చేస్తుంది.

కోటా అయిపోయాక ఏమవుతుంది? ప్లాన్ అర్హతున్న సిమ్ అయితే 5జీ సిగ్నల్ ఉన్నంతసేపూ ఏమీ కాదు, మామూలుగానే నడుస్తుంది. 4జీ మీద మాత్రం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి 8 కేబీ. ఒక ఎంబీ రావడానికి రెండు నిమిషాలు పైనే. వాట్సాప్‌లో రాత మెసేజ్ వెళ్తుంది, 150 కేబీ ఫొటోకి ఇరవై సెకన్లు. పూర్ణా మార్కెట్‌లో కొట్టువాడి ముందు యూపీఐ పేమెంట్ తిరుగుతూ ఉండిపోయేది ఇలాంటప్పుడే. తప్పు యూపీఐది కాదు. ఆ 8 కేబీ కోసం వెనకాల ఫొటో బ్యాకప్, రీల్స్, యాప్ అప్‌డేట్లు కొట్టుకుంటుంటాయి. డేటా సేవర్ ఆన్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే తరచూ వెళ్లిపోతుంది. రాత్రి 12కి కోటా కొత్తగా మొదలవుతుంది, మిగిలింది మురిగిపోతుంది. కాబట్టి యాప్ అప్‌డేట్లకి పదకొండు గంటల తర్వాత సమయం కేటాయించుకోవడం తెలివైన పని.

మురిగిపోకుండా చేసే ఏర్పాటు వీఐలో ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మిగిలిన డేటా శని, ఆదివారాలకి చేరుతుంది. అర్హతున్న ప్లాన్లలో రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా లెక్క లేని డేటా ఉంటుంది, కొన్నిట్లో మధ్యాహ్నం 12 దాకా కూడా. నెలకి 2 జీబీ దాకా బ్యాకప్ డేటా ఉంటుంది గానీ అది అడిగితేనే ఇస్తారు: యాప్‌లోకెళ్లి తీసుకోవాలి, లేదా 121249 కి డయల్ చేయాలి. అడగనివాళ్లకి రాదు, చాలామంది అడగరు. పగలు పని, రాత్రి నిద్ర ఉన్నవాళ్లకి రాత్రి డేటా వల్ల ఒరిగేదేమీ లేదు. స్టీల్ ప్లాంట్‌లో, పరవాడ ఫార్మా సిటీలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకైతే చేతికందే సరుకే. పగలు నెట్ వాడేవాళ్లు కూడా అర్ధరాత్రి డౌన్‌లోడ్‌కి పెట్టి పడుకోవచ్చు, కాకపోతే ఉదయం ఆరు దాటితే కోటాలోంచి కోస్తుంది, ఫోను ఆపేది ఎవరు? డౌన్‌లోడ్ షెడ్యూల్ చేసే యాప్ ఉంటే సరే.

బీఎస్ఎన్ఎల్ 2025 ఆగస్టులో కొత్త కస్టమర్లకి ఒక్క రూపాయికి 30 రోజులు, రోజుకి 2 జీబీ ఇచ్చింది. ఇలాంటి ఆఫర్ మళ్లీ వస్తే రెండో సిమ్‌గా వదులుకోవద్దు. తీసుకునేముందు ఫోనులో బ్యాండ్ 28 ఉందో లేదో చూసుకోవాలి. బీఎస్ఎన్ఎల్ 4జీ నడిచేది 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద, ఆ 700నే బ్యాండ్ 28 అంటారు. పాత ఫోన్లలో అది లేకపోతే ఇళ్లలోపల సిగ్నల్ దొరకడం కష్టం. కోటా దాటితే వేగం 40 కేబీపీఎస్, అంటే పై 64 కన్నా హీనం.

రైల్వే స్టేషన్ వైఫై గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి, ఊళ్లో రీచార్జ్‌తో పనిలేకుండా దొరికేది ఇది కాబట్టి. 2016 ఏప్రిల్‌లో గూగుల్, రైల్వే వాళ్ల టెలికాం సంస్థ రైల్‌టెల్ కలిసి విశాఖపట్నం స్టేషన్‌లో పెట్టాయి, 2020లో గూగుల్ తప్పుకున్నాక రైల్‌టెల్ ‘రైల్‌వైర్’ పేరుతో నడుపుతోంది. వైఫైలో రైల్‌వైర్ ఎంచుకుని, తెరుచుకున్న పేజీలో పదంకెల నంబరు కొడితే ఓటీపీ వస్తుంది. అది వేస్తే రోజుకి 30 నిమిషాలు ఫ్రీ, వేగం 1 ఎంబీపీఎస్. లెక్కేస్తే ముప్పై నిమిషాలకి గరిష్ఠంగా 225 ఎంబీ. సినిమా రాదు. అరకు చుట్టుపక్కల ఆఫ్‌లైన్ మ్యాపు, టికెట్ పీడీఎఫ్, నాలుగు పాటలు వస్తాయి. అరకు వెళ్లే కొత్తవలస-కిరండూల్ లైన్లో 58 సొరంగాలు, రైల్లో ఎక్కాక దించుకుందాం అనుకుంటే ఎక్కడికక్కడ తెగిపోతుంది. ప్లాట్‌ఫామ్ మీద ఉండగానే ఆ పని కానిచ్చేయాలి. ఫ్రీ ముప్పై నిమిషాలు దాటి కావాలంటే డబ్బు కట్టాలి. 2021లో ప్రకటించిన రేట్లలో అన్నిటికన్నా చిన్నది రోజుకి 5 జీబీ, 10 రూపాయలు.

లాగిన్ పేజీ తెరుచుకోకపోతే తప్పు చాలాసార్లు ఫోనులోనే ఉంటుంది. ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అని చూసి ఫోను మొబైల్ డేటాకి వెళ్లిపోతుంది. కాసేపు మొబైల్ డేటా ఆపండి. వీపీఎన్ ఉంటే తీసేయండి. ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ ఆఫ్ చేయండి. పేజీ వస్తుంది.

ఇక తగలేయాల్సినవి. ‘మూడు నెలల రీచార్జ్ ఫ్రీ, లింకు నొక్కండి, పదిమందికి పంపండి’ అనే వాట్సాప్ మెసేజ్ పండగకీ ఎలక్షన్‌కీ ఊరంతా తిరుగుతుంది. ఆపరేటర్ ఏదైనా ఇచ్చేటట్టయితే తన యాప్‌లోనే ఇస్తాడు, పదిమందికి పంపమని అడగడు. లింకు నొక్కి ఓటీపీ చెప్పేసి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

‘డేటా లేకుండా నెట్’ అంటూ కుర్రాళ్లు పంచుకునే టన్నెల్ యాప్‌లది ఇంకో కథ. కోటా అయిపోయినా తెరుచుకునే సైటు ఏదైనా ఉంటే, మీ డేటా అంతా ఆ సైటుదే అన్నట్టు నటించి దూరిపోవడమే అవి చేసే పని. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కో సైటుకి ఒక్కో రేటు పెట్టడాన్ని నిషేధించింది. దాంతో ‘ఈ సైటు మాత్రం ఫ్రీ’ అనే ప్యాకులు మన దేశంలో నిలబడలేదు, ఈ యాప్‌లకి దూరే సందూ చిక్కిపోయింది. మిగిలింది ఆపరేటర్ సొంత రీచార్జ్ పేజీ లాంటివే. ఈరోజు పనిచేసిన సెట్టింగ్ రేపు పనిచేయదు. చేసినన్ని రోజులూ మీ ట్రాఫిక్ అంతా ఎవరిదో ఊరూపేరూ తెలియని సర్వర్ మీదుగా వెళ్తుంది. ఆపరేటర్ పట్టుకుంటే సిమ్ ఆగిపోయే ప్రమాదమూ ఉంది. ఒక జీబీ కోసం ఇంత అవసరమా?

డేటా లోన్‌ని ఫ్రీ లెక్కలో వేయకండి. అది అప్పు, తీర్చాల్సిందే.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి, బయట ఎక్కువ తిరగని పెద్దవాళ్లకి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ట్రాయ్ ఆదేశం మీద 2025 జనవరిలో కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉన్న ప్లాన్లు వచ్చాయి. అప్పటి ధరల్లో 84 రోజులకి జియోది 448, ఎయిర్‌టెల్‌ది 469. షాపువాడు వీటిని తనంతట తాను చెప్పడు, ‘డేటా లేనిది’ అని అడిగి వేయించుకోవాలి. వేయించాక ఫోనులో వైఫై కాలింగ్ ఆన్ చేసి పెడితే, గోడల మధ్య సిగ్నల్ లేని గదిలో కూడా కాల్ తెగదు. ఇంటి గుమ్మం దాటేముందు మొబైల్ డేటా ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోమనండి. బ్యాలెన్స్‌లో డబ్బులుంటే డేటా ప్యాక్ లేని సిమ్ ఎంబీ లెక్కన కోసేసుకుంటుంది. ఆ సంగతి మర్చిపోయేవాళ్లయితే 1925కి STOP అని మెసేజ్ పెట్టి గానీ ఫోన్ చేసి గానీ, సిమ్‌లో డేటానే ఆపించేయొచ్చు.