సేలంలో ‘అవును’, ‘కాదు’

1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తె అనే నింద పడ్డవాళ్ల చేతిలో ఉన్నవి రెండే మాటలు. అవునంటే బతకొచ్చని రానురాను తేలింది. కాదని నిలబడితే ఉరి తప్పించుకోవడం కష్టం.

టిట్యూబా అవునంది. పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో బానిస ఆమె. సైతానుకు లొంగినవాళ్లు సంతకంలా పెట్టిన గుర్తులు అతని పుస్తకంలో తొమ్మిది చూశానని చెప్పింది. దాంతో మిగతావాళ్లెవరంటూ వేట మొదలైంది. ఏడాదికి పైగా జైల్లో మగ్గినా ప్రాణం దక్కింది. ఆమెను నేను తప్పు పట్టలేను. బానిస నిజం చెబితే అక్కడ వినేదెవరు?

రెబెకా నర్స్ కాదంది. 71 ఏళ్ల పెద్దావిడ, చెవులు సరిగా వినపడవు. జ్యూరీ మొదట నిర్దోషి అనే చెప్పింది. కోర్టులో గోల లేచింది. నేరం ఒప్పుకున్న ఒక ఖైదీని చూసి ఆమె ‘మాలో మనిషి’ అన్న మాటను మళ్లీ తవ్వారు. తోటి ఖైదీ అని ఆమె ఉద్దేశం. వాళ్లకు మాత్రం తోటి మంత్రగత్తె అని వినిపించింది. ఆ మాటకు అర్థమేంటని అడిగితే, ఆ ప్రశ్నే ఆమె చెవిన పడలేదు. మౌనంగా నిలబడింది. తీర్పు మారిపోయింది. జులై 19న ఉరి తీశారు.

ఆ ఏడాది మొత్తం 19 మందిని ఉరి తీశారు. ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లు అందులో ఒక్కరూ లేరు.