డబ్బా మీద "లివర్‌కు రక్షణ, పరీక్షల్లో తేలింది" అని ఉందా? కొనేముందు ఇది చదవండి

మా నాన్నకు ఫ్యాటీ లివర్. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 68 దగ్గర ఉండేది. నేల ఉసిరి, తిప్పతీగ కలిపిన క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో కనిపిస్తే నేనే కొన్నాను. ఆకులే కదా, ఏం చేస్తాయిలే అని డాక్టరుకు కూడా చెప్పలేదు. ఏడో వారానికి నాన్నకు అన్నం సయించలేదు, మూత్రం ముదురు పసుపుకు మారింది. ఎస్‌జీపీటీ 410. మిగతా కారణాలన్నిటికీ టెస్టులు చేశాక డాక్టరు అనుమానం ఈ డబ్బా మీదే నిలిచింది. ఆపించాక మామూలు కావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల టెన్షన్ ఎవరికీ వద్దు.

డబ్బా మీద రాసిన ఆ పరీక్ష ఏదో చూపించమని అమ్మినవాళ్లను అడిగాను. చాలా మెయిళ్ల తర్వాత ఒక పరిశోధన వ్యాసం పంపారు. చేసింది ఎలుకల మీద! వారం రోజులు నేల ఉసిరి సారం తాగించి, ఆ తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనం ఇచ్చారు. అది లివర్‌లో విరిగి కణాల పొరలను పాడుచేస్తుంది, లోపలి ఎంజైములు రక్తంలోకి వస్తాయి, ఎస్‌జీపీటీ పెరుగుతుంది. సారం తాగిన ఎలుకల్లో అది తక్కువ పెరిగింది. ఇలాంటి పరీక్షలు చేసే పద్ధతి అదే, పరిశోధకుల తప్పేమీ లేదు. కానీ ఆ ఎలుకలకు మందు ముందు పడింది, దెబ్బ తర్వాత తగిలింది. మా నాన్న లివర్‌కు అప్పటికే కొవ్వు పట్టి ఉంది.

మోతాదు చూడండి. ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాములు. మనిషికి లెక్క కట్టేటప్పుడు దాన్ని సుమారు 6తో భాగిస్తారు. 60 కిలోల మనిషికి రోజుకు 4 గ్రాములు అవుతుంది, అదీ ఆల్కహాల్‌తో తీసిన సారం. డబ్బాలో ఉన్నది ఉత్త ఆకుపొడి, రోజుకు 500 మిల్లీగ్రాములు. పరీక్షించింది ఒకటి, మనకు అమ్మింది ఇంకొకటి.

పైగా ఆ వ్యాసంలో తిప్పతీగ ఊసే లేదు. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే జాతా అని ప్రశ్నించింది. సరే, మరి పొడి చేసి క్యాప్సూల్‌లో నింపాక అది ఏ తీగో కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

మనుషుల మీద కూడా పనిచేసిందని అమ్మినవాళ్లు వాదించారు. నిజమే, నేల ఉసిరిని హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ఇచ్చి చూసిన చెన్నై పరిశోధన 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, ఆశ కూడా పుట్టించింది. తర్వాత వేరేచోట్ల చేసినప్పుడు ఆ ఫలితం నిలవలేదు. అయినా అది వైరస్ సంగతి, ఫ్యాటీ లివర్‌ది కాదు.

మీరు కొనాలనుకుంటే పరీక్ష ఎవరి మీద చేశారో, ఏ సారంతో చేశారో, ఈ బ్యాచ్‌లో మొక్క గుర్తింపు, భారలోహాల (సీసం, పాదరసం లాంటివి) రిపోర్టు ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే కొనకండి. ఇప్పటికే వాడుతుంటే డబ్బా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా ఆ పూటే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా మాత్రం పారేయకండి, డాక్టరు మొదట అడిగేది అదే.