చంటిబిడ్డ ఏడుపు ఆగట్లేదని మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు కొంటున్నారా? ముందు సీసా మీద ఏముందో చదవండి

కర్నూలు వాళ్లకి, పిల్లల డాక్టర్ కోసం డోన్, ఆదోని, ఎమ్మిగనూరు నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లకి ముఖ్యంగా చెప్తున్నా. నెల కూడా నిండని బిడ్డ ఆపకుండా ఏడుస్తోందని షాపుకెళ్లి "కడుపునొప్పికి ఏమన్నా డ్రాప్స్ ఉంటే ఇవ్వన్నా" అంటే చేతిలో పెట్టే సీసా తెచ్చి నేరుగా బిడ్డ నోట్లో వెయ్యకండి. మా ఇంటికి వచ్చిన సీసాలో డైసైక్లోమిన్ అనే మందు ఉంది. ఆరు నెలల లోపు బిడ్డలకి అది వాడకూడదు. షాపు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇచ్చాం, అది నడుస్తోంది. అయినా మీకు షాపు పేరు కన్నా మందు పేరే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఇది ఒక్క షాపులో ఉండే సీసా కాదు.

మా చెల్లి పురిటికి పుట్టింటికి వచ్చింది. మూడో వారం దాకా పాప తాగడం, పడుకోవడం తప్ప ఏమీ తెలియనట్టే ఉంది. ఆ తర్వాత మొదలైంది. పొద్దంతా బాగానే ఉంటుంది, దీపాలు పెట్టే వేళకి గుక్కపట్టి ఏడుపు. మొహం కందగడ్డ అయిపోతుంది, పిడికిళ్లు బిగించేస్తుంది, కాళ్లు కడుపులోకి ముడుచుకుంటుంది. పాలిస్తే రెండు గుటకలు వేసి మొహం తిప్పేసి మళ్లీ ఏడుపు. ఇల్లన్నాక తలా ఒక వైద్యం చెప్తారు కదా. మా అవ్వ వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించమంది, పక్కింటావిడ ఓమనీళ్లు అంది, ఇంకొకరు ఉగ్గులో ఆముదం చుక్క అన్నారు. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేశాం, దానికి నాకేం అభ్యంతరం లేదు, ఆ ఘాటు పాప ఉన్న గదిలోకి రాకపోతే చాలు. నోట్లోకి వెళ్లే వాటికి మాత్రం అడ్డం పడ్డాను. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, బొటులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, ఇది అందరికీ తెలిసుంటే బాగుండు.

అమ్మ టెన్షన్ చూడలేక మా మరిది రాత్రిపూట బండేసుకుని వెళ్లి ఒక సీసా తెచ్చాడు. షాపువాడు ప్రిస్క్రిప్షన్ అడగలేదట. బిడ్డకి ఎన్ని రోజులని అడిగాడట, నెల లోపని మా మరిది చెప్పాడట. "గ్యాస్ అన్నా, ఇంకేం లేదు. అయిదు చుక్కలు, రోజుకు మూడుసార్లు. అర్ధగంటలో నిద్రపోతాది" అన్నాడట. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద రేటు రాసిచ్చాడు. అట్టపెట్టె ఇవ్వలేదు, లోపల ఉండే మడత కాగితమూ లేదు, సీసా ఒక్కటే. దాని చుట్టూ ఒక తెల్ల స్టిక్కర్, దాని మీద పెన్నుతో 5 × 3 అని.

ఏ మందైనా సీసా చదవందే నేను ఇంట్లో ఎవరికీ వెయ్యనివ్వను. సెల్‌ఫోన్ లైట్ వేసి చూస్తే ఆ స్టిక్కర్ సరిగ్గా అక్షరాల మీదే అంటించి ఉంది. గోటితో గీకి తీశాను. కింద ముందు ఎర్రగీత కనిపించింది, తర్వాత డాక్టర్ చీటీ మీదే అమ్మాలనే షెడ్యూల్ హెచ్ హెచ్చరిక, ఆ కింద డైసైక్లోమిన్ హైడ్రోక్లోరైడ్, సిమెథికోన్ (కడుపులో గ్యాస్ బుడగలు విడగొట్టే మందు), అన్నిటికన్నా అడుగున ఆరు నెలల లోపు పిల్లలకి వాడరాదని ఇంగ్లీషులో సన్న అక్షరాలు. కావాలనే దాని మీద అంటించాడో, చెయ్యి ఎక్కడ పడితే అక్కడ అంటించాడో నేను చెప్పలేను. స్టిక్కర్ ఉన్నంతసేపూ మాత్రం ఆ లైను ఎవరికీ కనపడదు.

ఈ మందు సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే "మా వాడికి వేశాం, బాగా పనిచేసింది" అనేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. డైసైక్లోమిన్ పేగుల కండరాలు పట్టేయకుండా వదులు చేస్తుంది, పెద్దవాళ్లకి కడుపులో మెలిపెట్టే నొప్పికి రాసేదీ అదే. పసిపిల్లల ఏడుపు కూడా దానితో తగ్గుతుంది. చిక్కంతా ఏంటంటే, అంత చిన్న ఒంట్లో అది పేగుల దగ్గరే ఆగదు. ఇది వేసిన పసిపిల్లల్లో ఊపిరి ఆడకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఒళ్లు వేలాడిపోవడం 1980ల్లోనే బయటపడ్డాయి, ఆ తర్వాతే ఆరు నెలల లోపు వద్దని ఖాయం చేశారు. బిడ్డ నిద్రపోయిందని మనం సంతోషపడే ఆ అర్ధగంటలో అది మామూలు నిద్రో, మందు మత్తో మనకి తెలిసేదెలా?

ఉత్త సిమెథికోన్ ఉన్న చుక్కలు వేరు. వాటితో అంత ప్రమాదం లేదు, కాకపోతే పరీక్షలు పెట్టి చూస్తే మందు లేని ఉత్త చుక్కల కన్నా మెరుగ్గా ఏమీ పనిచెయ్యలేదు. రెండు రకాలూ ఒకే సైజు సీసాల్లో, బుజ్జి బిడ్డ బొమ్మతో పక్కపక్కనే ఉంటాయి, అడగందే తేడా తెలియదు. గ్రైప్ వాటర్ సంగతీ అడుగుతారని తెలుసు. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన సరుకు అది, మొదట్లో అందులో ఆల్కహాలు, పంచదార కూడా ఉండేవి. పిల్లలు ఎందుకు ఊరుకునేవారో ఇక మీరే ఆలోచించుకోండి. ఇప్పుడు ఆల్కహాలు లేకుండానే చేస్తున్నారు. అయినా ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మన కర్నూలు మే నెల ఎండల్లో కూడా అంతే.

మర్నాడు నేనే షాపుకి వెళ్లాను. ఓనరు గద్దించలేదు, నవ్వుతూనే మాట్లాడాడు, అది ఇంకా మండింది. "డాక్టర్లే రాస్తారు మేడమ్. ఎన్నో ఏళ్లుగా ఇస్తన్నాం, ఎవరికీ ఏం గాలేదు" అన్నాడు. ఏమన్నా అయినవాళ్లు ఆసుపత్రికి పరిగెత్తుతారా, నీ షాపుకొచ్చి చెప్తారా అన్నాను. సీసా వాపసు తీసుకోమంటే సీలు తియ్యకపోయినా కుదరదన్నాడు. కారణం, స్టిక్కర్ పీకేశానట! ఇంత జరిగాక కౌంటర్ కింది నుంచి పాలపొడి డబ్బా తీసి "తల్లికి పాలు చాలట్లేదేమో, ఇది పట్టండి, పాలసీసా ఫ్రీ" అన్నాడు. పాలడబ్బాతో ఫ్రీలు ఇచ్చి అంటగట్టడం 1992లో చేసిన చట్టం ప్రకారం నేరం, 2003లో ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. అక్కడ మాత్రం పేస్టుతో బ్రష్ ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారు. బాలింత మనసు ముందే సగం విరిగిపోయి ఉంటుంది, బిడ్డ ఏడ్చినప్పుడల్లా నా పాలు చాలట్లేదేమో అనుకుంటుంది, వీళ్లు సరిగ్గా అక్కడే కొడతారు.

పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మందు ఏమీ రాయలేదు. బట్టలన్నీ విప్పించి చూశారు. బరువు తూచారు, కడుపు నొక్కారు, గజ్జల్లో వాపుందేమో చూశారు, చెవుల్లో లైటు వేశారు, తర్వాత ఒక్కో కాలివేలూ విడదీసి చూస్తుంటే మా చెల్లికి అర్థం కాలేదు. కాన్పు తర్వాత తల్లికి జుట్టు బాగా రాలుతుంది కదా, ఒక వెంట్రుక సాక్సులోకి చేరి వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుందట, బిడ్డ గంటల తరబడి ఏడుస్తుంది, మనమేమో గ్యాస్ అని చుక్కలు వేస్తుంటాం. మాకు ఈ సంగతి తెలియనే తెలియదు. అప్పటినుంచి ఏడ్చినప్పుడల్లా ముందు వేళ్లు, తర్వాత బట్టల మడతల్లో చీమలు చూస్తున్నాం, పాత ఇంట్లో ఎర్రచీమలకి కొదవా.

పాప బరువు పెరుగుతోంది, రోజుకి ఆరేడుసార్లు ఉచ్చ పోస్తోంది, మధ్యమధ్యలో హాయిగా ఉంటోంది, కాబట్టి ఇది కోలిక్, అంటే ఏ జబ్బూ లేకుండానే బిడ్డ గంటల తరబడి ఏడవడం, అన్నారు. దాదాపు అయిదుగురిలో ఒకరికి ఉంటుందట. రెండో వారం తర్వాత మొదలై ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకి దానంతటదే పోతుంది. రోజుకి మూడు గంటలు, వారంలో మూడు రోజులు ఏడవడమనే లెక్క 1954 నుంచీ ఉందట, అంటే ఇది ఇప్పటి ఫోన్ల వల్లా ఏసీల వల్లా వచ్చింది కాదు, మా అవ్వకి అదే చెప్పాను, నమ్మలేదు.

మా దగ్గర పనిచేసినవి చెప్తా, డబ్బు పెట్టే పని లేదు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, గుండెకి ఆనించుకుని నడవడం, గదిలో లైటు తగ్గించి కూలర్ సౌండ్ వినపడేలా పడుకోబెట్టడం, అంతే. మా అమ్మ కట్టించిన స్వెట్టరు, టోపీ, చెవుల్లో దూది తీసేయగానే సగం చిరాకు తగ్గింది, ఈ ఎండల్లో అన్ని పొరలేంటసలు. సౌండ్ మెషీన్లు కూడా అమ్ముతున్నారు, 2014లో వచ్చిన కెనడా డాక్టర్ల అధ్యయనంలో 14 మెషీన్లు పరీక్షిస్తే కొన్ని 85 డెసిబెల్స్ దాటాయి, పసిచెవులకి అది చాలా ఎక్కువ. మోటారు ఉయ్యాల కొనొద్దని అనను కానీ నిద్రపట్టాక మాత్రం చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ముఖ్యంగా ఇది గుర్తుంచుకోండి, రాత్రి రెండింటికి సహనం చచ్చిపోతుంది, కోపమొస్తుంది, అందరికీ వస్తుంది. అప్పుడు బిడ్డని పరుపు మీద పెట్టి పది నిమిషాలు బయటికి వెళ్లండి, ఇంకొకరిని లేపండి. పట్టుకుని ఊపేస్తే మెదడులో రక్తస్రావం అవుతుంది. ఏడ్చినందువల్ల ఏ బిడ్డా చచ్చిపోదు.

వీటికి మాత్రం ఎదురుచూడకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి: జ్వరం 100.4 దాటితే, పాలు తాగకపోతే, పచ్చగా వాంతి అయితే, దొడ్డికి రక్తం పడితే, నిమిషానికి అరవైకి పైగా ఊపిరి తీస్తుంటే, మాడు ఉబ్బితే, ఏడ్చి ఏడ్చి మందంగా పడిపోయి లేపినా లేవకపోతే. 108కి ఫోన్ చెయ్యండి. మందులు అలవాటుగా కొనేవాళ్లకి ఇంకోటి, "జలుబు సిరప్ వేస్తే పడుకుంటుంది" అనే సలహా కూడా వినకండి, 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక రెండేళ్లలోపు వాళ్లకి దగ్గు జలుబు మందులు వద్దని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది.

కొనేటప్పుడు అట్టపెట్టెతో సహా ఇవ్వమనండి, కంప్యూటర్ బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు బిల్లు మీద ఉండాలి. షాపువాడు స్టిక్కర్ అంటిస్తుంటే ఖాళీగా ఉన్నచోట అంటించమనండి. మీకు ఇప్పటికే ఇలాంటి సీసా ఇచ్చి ఉంటే పారేయొద్దు, అన్ని వైపులా ఫోటో తీసి జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి రాసివ్వండి, డబ్బు సంగతికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెల్ల చీటీ మాత్రమే ఉంటే డబ్బు ఫోన్‌పేలో కట్టిన స్క్రీన్‌షాట్ కూడా జతచెయ్యండి, మేము అదే చేశాం.